వైరుకు పీట

మారియప్ప అబద్ధం చెప్పేది ఏడాదికి ఒక్క రోజే. ఆ రోజు మాత్రం మైకులో చెబుతాడు.

చిన్నకొత్తూరులో ధర్మరాజు గుడి ముందు ప్రతి వేసవిలోనూ పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం రెండు గంటలకు మొదలుపెట్టి పొద్దు వాలేదాకా కథ చెబుతారు. పందిట్లో కూర్చుని వినేవాళ్ళు యాభై మంది ఉంటే ఎక్కువ. మిగిలిన ఊరంతా చేలలో ఉంటుంది. టమాటాలు కోస్తూ, గులాబీ తోటలో మొగ్గలు కత్తిరిస్తూ, బోరు దగ్గర పైపులు సర్దుతూ వింటుంది. బేరిగై దారిలో ఉన్న చేలకూ, అత్తిముగం వైపు ఉన్న చేలకూ కథను చేర్చేది మారియప్ప మైక్‌సెట్టు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ పని అతనిదే.

కథ మొదలయ్యే ముందు రోజు అతను కొబ్బరిచెట్లకు బూరలు కడతాడు. కట్టి దిగి మైకు ముందు కూర్చుంటాడు. హలో హలో అనడు. ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టడు.

“చిన్నమ్మా, నీ మేక కాలీఫ్లవర్ తోటలో పడిందమ్మా!”

అత్తిముగం వైపు చేలో చిన్నమ్మ కట్టె పట్టుకుని పరిగెత్తితే ఆ వైపు బూర సరిగ్గా ఉన్నట్టు. పరిగెత్తకపోతే మారియప్ప మళ్ళీ చెట్టెక్కుతాడు.

“వెంకటేశులన్నా, అల్లుడు వచ్చినాడు! కోడి తెమ్మంటా ఉండాది వదిన!”

పొలం గట్టు మీద ముసలి వెంకటేశులు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంటే బేరిగై వైపు కూడా సరిపోయినట్టే.

అది అబద్ధమని అందరికీ తెలుసు. అయినా పరిగెత్తుతారు. “ఒకవేళ నిజమైతే?” అంటుంది చిన్నమ్మ. “వాడు నిజం చెప్పే ఏడాది కూడా ఒకటి వస్తాది కదా.”

మారియప్పకు అరవై దాటాయి. సన్నటి మనిషి. చెట్టు ఎక్కేటప్పుడు చెట్టుకూ అతనికీ తేడా కనిపించదు. కుర్రతనంలో సూళగిరిలో ఒక మైక్‌సెట్టు అంగడిలో బ్యాటరీలు మోశాడు. అక్కడ నేర్చుకున్నది కొంచెం. మిగిలింది చేలు నేర్పాయి. ఒకే చెవిలో రెండు బూరలు మాట్లాడకూడదు. గాలి ఏ వైపు నుంచి వస్తోందో చూసి బూర మెడ తిప్పాలి. నీలగిరి తోపు మాటను మింగుతుంది, రాతిగుట్ట మాటను తిరిగి పంపుతుంది. రెండింటి మధ్యలో దారి వెతకాలి.

“పాట ఎంత దూరమన్నా పోతాది,” అంటాడు. “మాట పోదు. దాన్ని చెయ్యి పట్టుకోని తీసుకుపోవాల.”

అతని దగ్గర నాలుగు బూరలు ఉన్నాయి. మూడు మామూలువి. నాలుగోది పాతది, పెద్దది, అంచున ఒక సొట్ట ఉంది. కృష్ణగిరిలో ఒక ముసలాయన పని మానేస్తూ అతనికి ఇచ్చాడు. దాన్ని మారియప్ప పెద్దామె అంటాడు. దాని గొంతు వేరు అంటాడు. తక్కినవి అరుస్తాయి, పెద్దామె చెబుతుంది అంటాడు. పక్క ఊళ్ళకు పెళ్ళిళ్ళకు పోయేటప్పుడు తక్కిన మూడింటినీ బస్సు మీద వేసి, పెద్దామెను ఒడిలో పెట్టుకుని కూర్చుంటాడు.

*

భారతానికి పందిరి వేయించేదీ, కథ చెప్పేవాళ్ళకు తాంబూలం ఇచ్చేదీ ముత్యాలప్ప ఇల్లు. తాతల నాటి నుంచి అదే పద్ధతి. ముత్యాలప్ప కొడుకు తిలక్ హోసూరులో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఇంజన్లకు వెళ్ళే ఇనప ముక్కలను కొలిచి చూడడం అతని పని. వెంట్రుక మందం తేడా వస్తే పక్కన పడేస్తాడు.

తిలక్‌కు పాటలంటే ప్రాణం. హోసూరు ఇంట్లో ఒక గది పాటలకే ఉంది. గోడ దగ్గర ఛాతీ ఎత్తు స్పీకర్ బాక్సులు రెండు. వాటికి ఎదురుగా ఒక్క కుర్చీ. ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోరాదు. మొదట బాక్సులు కొన్నాడు. తరువాత జెర్రిపోతంత లావు వైర్లు కొన్నాడు. ఆ తరువాత ఆంప్లిఫయర్ మీద అంటించే వెండిరంగు బిళ్ళలు. ఫోనులో అతనికి ఒక గుంపు ఉంది. అందులో ఎవరో ఒకరు రోజుకొక కొత్త వస్తువు పేరు చెబుతారు. అది పెట్టిన తరువాత తెర తొలగిపోయినట్టు ఉందని అందరూ రాస్తారు. ఎన్ని తెరలు తొలగినా ఇంకొకటి మిగిలే ఉంటుంది.

ఈ ఏడు భారతానికి నెల ముందు తిలక్ మారియప్ప ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక పెట్టె.

“మామా, ఈ తూరి సౌండు మార్చాల.”

“ఏమయింది సౌండుకు?”

“ఏమీ కాలేదు. ఇంకా బాగుండొచ్చు అంటా ఉండాను.”

పెట్టె తెరిచాడు. పన్నెండు చిన్న చెక్క పీటలు. బెత్తెడు ఎత్తు. నున్నగా చెక్కి, నూనె పట్టించి, పైన ఒక గాడి తీసి ఉన్నాయి. మారియప్ప ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని తిప్పి చూశాడు.

“పని బాగుంది. ఎవరి కోసమప్పా ఇవి? బొమ్మలకా?”

“వైరు కింద పెట్టేది మామా. వైరు నేలను తాకితే సౌండు పాడయితాది. భూమి లాగేస్తాది. దీని మీద పెడితే తేటగా వస్తాది.”

మారియప్ప వేలితో గాడి తడిమాడు.

“మనిషి వస్తే పీట వేస్తాము. పెళ్ళికొడుకుకు పీట వేస్తాము. వైరుకు పీట వేసేది ఇప్పుడే చూస్తా ఉండా.”

“నవ్వొద్దు మామా.”

“నవ్వలేదప్పా. నా వైరు కొబ్బరిచెట్ల మీద పోతాది. దానికంటే ఎత్తు పీట యాడ తెస్తావు?”

లోపల రాగిసంగటి కెలుకుతున్న పుట్టమ్మ నవ్వింది. పుట్టమ్మ మారియప్ప భార్య. నవ్వు ఆపుకునే అలవాటు ఆమెకు లేదు. తిలక్ చెవులు ఎర్రబడ్డాయి.

“నేను విన్నాను మామా. నా చెవులతోనే విన్నాను. పీట పెట్టినాక పాడే మనిషి ఎదురుగా కూర్చున్నట్టే ఉండాది.”

“పెట్టినావని తెలిసి విన్నావా, తెలియకుండా విన్నావా?”

“నేనే కదా పెట్టింది.”

“అదేనప్పా. ఉప్పు వేసినామని చెప్పి వడ్డిస్తే, చప్పిడి కూర కూడా ఉప్పగానే ఉంటాది.”

తిలక్ పీటలను ఒక్కొక్కటే పెట్టెలో సర్దుకున్నాడు. గడప దాటేటప్పుడు తలకు దూలం తగలకుండా వంగాడు కానీ వెనక్కు చూడలేదు.

*

రెండు రోజులకు ముత్యాలప్పే వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. వాకిట్లో రోలు పక్కన రాతి మీద కూర్చున్నాడు.

“మారియప్పా, సౌండు సంగతి నాకేమి తెలుసు? పిల్లోడు పట్టుకున్నాడు. హోసూరు నుంచి బాక్సులోళ్ళను పిలుస్తానంటాడు. ఆ పీటలూ గీటలూ అన్నీ వాళ్ళు పెడతారంట.”

“బాక్సులు పందిట్లో బాగుంటాయన్నా. చేనుదాకా పోవు.”

“నేనూ అదే చెప్పినా. వినడే! ఒక పని చెయ్యి. ఆ పీటలేవో నువ్వే పెట్టుకో. వాడూ సంతోషపడతాడు, నువ్వూ ఉంటావు.”

పుట్టమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. “పెట్టుకుంటే పోయేదేముంది?” అంది మొగుడితో. “వైరేమన్నా వద్దంటుందా?”

మారియప్ప నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

“పెడితే బాగుందంటారు. పీట వల్లే బాగుందంటారు. మళ్ళా ఏడు చిన్నమ్మకు మాట వినపడకపోతే ఇంకో పన్నెండు పీటలు కొంటారు. బూర మెడ తిప్పాలని ఎవరికి తోస్తాది? చెట్టు ఎవరు ఎక్కుతారు?”

ముత్యాలప్ప మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు. “మరి ఏమంటావు?”

“పరీక్ష పెడదామన్నా. పీట ఉండేదీ లేనిదీ తెలియకుండా వినండి. వినేవాళ్ళకు తేడా తెలిసిందంటే నేను పక్కకు పోతా. హోసూరు వాళ్ళనే పిలవండి. తెలియలేదంటే ఈ ఏడూ నా సెట్టే.”

ముత్యాలప్ప వెళ్ళాక పుట్టమ్మ గ్లాసు తీసి కడిగింది. తరువాత అంది: “ముప్పై ఒక్క ఏళ్ళ పని తీసుకుపోయి చెక్కముక్క మీద పెట్టినావే మనిషీ.”

*

పరీక్ష భారతానికి ముందు రోజు పొద్దున పదకొండు గంటలకు. అందరి కంటే ముందు తిలక్ వచ్చాడు. హోసూరు నుంచి తన బాక్సులను కారులో దుప్పట్లు చుట్టి తెచ్చాడు. పద్ధతి కూడా అతనే చెప్పాడు. ఫ్యాక్టరీలో అలవాటైన మనిషి. వినేవాళ్ళకు తెలియరాదు, వరుసను ఎవరూ ముందుగా అనుకోరాదు అన్నాడు.

వీధినాటకంలో వేషగాళ్ళ ముందు పట్టే తెర తెచ్చి కట్టారు. తెర వెనక ఆంప్లిఫయర్, పది గజాల వైరు, పన్నెండు పీటలు, పుట్టమ్మ. ఆమె చేతిలో ఒకవైపు అరగదీసిన చింతగింజ. తెల్లగా పడితే వైరు పీటల మీద పెట్టాలి. నల్లగా పడితే నేల మీద పడేయాలి. ఏది పడిందో బొగ్గుతో బండ మీద గీయాలి.

తెరకు ఇవతల చాప మీద పదిమంది పెద్దలు కూర్చున్నారు. వీపులు తెర వైపు. అందరిలోకీ పెద్ద వెంకటేశులు మొదట. ముత్యాలప్ప ఇంటి నుంచి కాఫీ వచ్చింది. తాగారు. బాక్సుల్లో నాదస్వరం ఒక నిమిషం మోగింది.

“ఎట్లుండాది పెదనాయనా?” తిలక్ అడిగాడు. “పీట ఉండాదా, లేదా?”

“ఉండాదప్పా.”

రెండో ఆయన ఉండాది అన్నాడు. మూడో ఆయన ఉండాది అన్నాడు. పదిమందీ అదే అన్నారు. మళ్ళీ నాదస్వరం. మళ్ళీ ఉండాది. నాలుగో తూరికి వెంకటేశులు తల ఊపుతూ, “ఇప్పుడు ఇంకా బాగా ఉండాది,” అన్నాడు. ఏడో తూరికి ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. పది తూర్లు అయ్యాయి. పది నోళ్ళు, పది తూర్లు, ఒకే మాట.

పక్కన పందిరి గుంజకు ఆనుకుని నిలబడ్డ మారియప్పకు మూడో తూరికే అర్థమయింది. వేలు కొరుక్కున్నాడు. పరీక్ష పెట్టాడు గాని చాప ఎవరిదో చూసుకోలేదు. ముత్యాలప్ప పందిరి, ముత్యాలప్ప కాఫీ, ముత్యాలప్ప కొడుకు తెచ్చిన పీట. దాన్ని లేదనడానికి ఈ ఊళ్ళో ఎవరికి నోరు వస్తుంది? ఒకరి ఇంట్లో తిని ఉప్పు తక్కువ అన్న మనిషి చిన్నకొత్తూరులో ఇంతవరకు పుట్టలేదు. మారియప్ప కూడా ఎన్నడూ అనలేదు.

“వందకు వంద!” అన్నాడు తిలక్. “మామా, చూస్తిరా, వందకు వంద...”

అంటూ అంటూ ఆగిపోయాడు. అతని ముఖం మెల్లగా మారింది. ఫ్యాక్టరీ ముఖం వచ్చింది.

“వందకు వంద రాదే,” అన్నాడు తనలో తాను. “మా దగ్గర వంద ముక్కలూ ఒకే కొలత చూపిస్తే ముక్కలు బాగున్నాయని కాదు. కొలిచే గేజు ఇరుక్కుందని.” తెర వైపు తిరిగాడు. “పుట్టమ్మత్తా, గింజ ఎట్ల పడింది?”

పుట్టమ్మ తెర పక్కకు జరిపి బండ చూపించింది. ఆరు గీతలు ఒకవైపు, నాలుగు ఒకవైపు.

“ఆరు తూర్లు పెట్టినా. నాలుగు తూర్లు తీసేసినా. ఈయన కన్నీళ్ళు పెట్టుకునింది చూడు, అప్పుడు పీట లేదప్పా.”

వెంకటేశులు గొంతు సవరించుకున్నాడు.

“ఏమి చెయ్యాలప్పా? మీ ఇంటి పీట. లేదనేదానికి నోరు వస్తుందా?”

“నాకు ఈ పక్క చెవి వినపడదు,” అన్నాడు చివరి ఆయన. “పక్కోడు ఏమంటే అదే అంటిని.”

మొదట నవ్వింది ముత్యాలప్ప. భుజం మీది కండువా తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అది సరిపోలేదు. కండువాలోనుంచి నవ్వు బయటికి వచ్చింది. ఆ తరువాత పందిరంతా నవ్వింది. నవ్వనిది ఇద్దరే, తిలక్, మారియప్ప.

“నేను కూర్చుంటా,” అన్నాడు తిలక్.

చాప మీద ఒక్కడే కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. గింజ పడింది, నాదస్వరం మోగింది, అతను చెప్పి కాగితం మీద రాసుకున్నాడు. పది తూర్లు. తొందరపడలేదు. రెండుసార్లు ఇంకొకసారి వినిపించమన్నాడు. అయిపోయాక లేచి వెళ్ళి తన కాగితాన్నీ బొగ్గు గీతలనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు.

“ఐదు,” అన్నాడు.

“పోనీలేప్పా,” అంది పుట్టమ్మ. “చింతగింజను అడిగినా ఐదే చెబుతాది.”

అతను ఆమె వైపు చూశాడు. కాగితం వైపు చూశాడు. నవ్వాడు. ఆ నవ్వులో కొంత బాధ ఉంది గాని అబద్ధం లేదు.

*

అక్కడితో అయిపోవలసింది. కాలేదు.

“మామా, ఒకటి అడగనా?” అన్నాడు తిలక్. “మీ పెద్దామె.”

“పెద్దామెకేమి?”

“దాని గొంతు వేరే అంటారు కదా. తెలిసి విన్నారా, తెలియకుండా విన్నారా?”

వెంకటేశులు చాప మీద దబదబా కొట్టాడు. “సరైన మాట! కూర్చో మారియప్పా, కూర్చో!”

“దీనికి పరీక్ష ఏమన్నా? పెళ్ళాం గొంతు గుర్తుపట్టలేనా?”

“పెళ్ళాన్ని పెట్టలేదులే, దాన్నే పెట్టినాము. కూర్చో.”

మారియప్ప కూర్చున్నాడు. సభకు వచ్చిన పెద్దమనిషిలాగా కాళ్ళు మడిచి, తుండు మోకాళ్ళ మీద పరుచుకున్నాడు. పుట్టమ్మ తెర వెనక పెద్దామెనూ ఇంకొక బూరనూ పక్కపక్కన పెట్టింది. గింజ వేసింది.

“ఇదే!” అన్నాడు మొదటి మాటకే. “వినపళ్ళేదా మీకు? బెల్లం పాకం. పెద్దామె.”

తరువాతిది విని పెదవి విరిచాడు. “ఇది అరుస్తా ఉండాది. ఇది వేరేది.”

పది తూర్లూ అలాగే చెప్పాడు. ఒక్కసారి కూడా తడుముకోలేదు. పుట్టమ్మ తెర జరిపింది. బండ వైపు చూపించలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. తిలక్ వెళ్ళి గీతలు లెక్కపెట్టాడు. రెండోసారి లెక్కపెట్టాడు.

“నాలుగు మామా.”

“చింతగింజ కంటే ఒకటి తక్కువ,” అన్నాడు వెంకటేశులు.

మారియప్ప లేచాడు. పెద్దామె దగ్గరికి వెళ్ళి వంగాడు. అంచున సొట్ట మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. అతని భుజాలు కదలడం మొదలుపెట్టాయి. వెనక నిలబడ్డవాళ్ళు ఏడుస్తున్నాడనుకున్నారు. తిరిగేసరికి నవ్వుతున్నాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. దగ్గు ఆగాక మళ్ళీ నవ్వాడు.

“ముప్పై ఏళ్ళు!” అన్నాడు. “ముప్పై ఏళ్ళు ఒడిలో పెట్టుకోని తిప్పినానే దీన్ని! ఒకతూరి టికెట్టు కూడా తీసినా!”

“తీసినావు,” అంది పుట్టమ్మ. “సూళగిరి బస్సులో. సీటు ఒకటే ఉన్నింది. దాన్ని కూర్చోబెట్టి నన్ను నిలబెట్టినావు. నేనేమీ మరిచిపోలేదు.”

చాప మీద పెద్దలు ఒకరి మీద ఒకరు పడ్డారు. తిలక్ గుంజ పట్టుకుని నవ్వాడు. గుంజ కదిలి పందిరి మీది కొబ్బరాకు ఒకటి జారి ముత్యాలప్ప నెత్తిన పడింది. అతను దాన్ని తీసేయలేదు.

“సరే,” అన్నాడు ముత్యాలప్ప కళ్ళు తుడుచుకుంటూ. “పీట పాయ. పెద్దామె పాయ. రేపు సౌండు ఎవరు పెట్టాల?”

“మాట ప్రకారం మారియప్ప మామే,” అన్నాడు తిలక్. “కానీ నాయనా, బాక్సు బాగుందా బూర బాగుందా అనేది ఇంకా తేలలేదు. నేను నడిచి చూస్తా.”

మారియప్ప మొగం మీద నవ్వు సర్దుకుంది. “పో అప్పా. అదే సరైనది.”

*

మొదట బాక్సులు మోగించారు. వెంకటేశులు మైకులో వరుసగా ఊరి పేర్లు చదివాడు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, విన్న పేరునల్లా తిరిగి చెబుతూ తిలక్ అత్తిముగం వైపు నడిచాడు. మల్బరీ చేనుదాకా అన్నీ చెప్పాడు. అక్కడి నుంచి సగం చెప్పాడు. టమాటా చేలో నిలబడి, “గొంతు వస్తా ఉండాది, మాట తెలియలేదు,” అన్నాడు.

మారియప్ప చెట్టెక్కి బూర కట్టాడు. కట్టింది ఏ బూరో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. గాలి చూశాడు. మెడ కొంచెం ఎడమకు తిప్పాడు, బెత్తెడు దించాడు. దిగి వచ్చి మైకు వెంకటేశులు చేతిలో నుంచి తీసుకున్నాడు.

“చిన్నమ్మా! తిలకప్ప మీ వైపే వస్తా ఉండాడు. టమాటాలు జాగ్రత్త!”

టమాటా చేలో తిలక్ ఆగిపోయాడు.

“మరిచిపోయినావా చిన్నమ్మా? ఏడేళ్ళప్పుడు వీడు మీ చేలో పండ్లు కోసి చొక్కా నిండా పోసుకున్నాడు. కుక్క తరిమింది. వాటి మీదే బోర్లా పడినాడు. వాళ్ళమ్మ చూసి, నా కొడుకు రక్తమంతా పోయిందని ఊరంతా ఏడిచింది!”

తిలక్ నడిచాడు. వేగంగా నడిచాడు. మాట వెంట వచ్చింది. నీలగిరి తోపు పక్కన వచ్చింది. బోరు దగ్గర పైపు సర్దుతున్న ఇద్దరు మనుషులు లేచి అతని చొక్కా వైపు చూశారు. గులాబీ తోటలో పదిహేను మంది ఆడవాళ్ళు కత్తెరలు ఆపి నవ్వుతున్నారు. అందరికంటే ముందు చిన్నమ్మ.

“నిజమేనప్పా,” అంది. “నేనే కదా నిన్ను ఎత్తుకోని వచ్చింది. కడిగితే ఒక్క గాటు లేదు, కడుపు నిండా విత్తనాలు. వాడు మైకులో నిజం చెప్పేది ఇదే మొదలు.”

తిలక్ తోట దాటి రాతిగుట్ట కిందికి వెళ్ళాడు. అక్కడ నిలబడ్డాడు.

“మామా, వినపడతా ఉండాది. ప్రతి మాటా. ఇంక చాలు.”

“యాడుండావు?”

“గుట్ట కింద.”

“ఇంకా పో. ఇంకోటి ఉండాది. నువ్వు ఎనిమిదో క్లాసులో ఒక కాయితం రాస్తివే...”

“వద్దు మామా! నీ కాళ్ళు మొక్కుతా, వద్దు!”

ఫోను ముత్యాలప్ప అందుకున్నాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

“రా నాయనా. అన్నం తిందువు. సౌండు మారియప్పదే.”

ఆ మాట మైకు ముందే అన్నాడు. గులాబీ తోటలో ఈలలు వేశారు.

*

మరునాడు మధ్యాహ్నం కథ మొదలయింది. తిలక్ సెలవు పెట్టి వచ్చి ఆంప్లిఫయర్ పక్కన కూర్చున్నాడు. కాసేపు మారియప్ప చెయ్యి చూశాడు. ఆ చెయ్యి సౌండు పెంచే బిరడా మీద ఉంది. తిప్పడం లేదు. ఉంది, అంతే.

“మామా, మీరు ఎప్పుడన్నా ఆడికి పోయి విన్నారా?”

“యాడికి?”

“గుట్ట కిందికి.”

మారియప్ప ఆలోచించాడు. పోలేదు. పరిగెత్తిన మనుషులను చూశాడు, తలమీద చేతులు పెట్టుకున్నవాళ్ళను చూశాడు. మాట చేరిందని వాళ్ళను చూసి తెలుసుకున్నాడు. చేరిన చోట తను ఎన్నడూ నిలబడలేదు.

“పోయి రాండి. నేను చూసుకుంటా. తిప్పను.”

“గాలి మారితే?”

“ఫోను చేస్తా. పోండి మామా.”

పుట్టమ్మ అప్పటికే చెప్పులు వేసుకుంది. ఇద్దరూ మల్బరీ చేను దాటారు. టమాటా చేను దాటారు. మారియప్ప చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కు కట్టుకున్నాడు. మొదట్లో బూరనే విన్నాడు. గరగర ఉందా, ఈల ఉందా, గాలికి మాట వంగుతోందా అని విన్నాడు. రెండుసార్లు ఆగి వెనక్కు తిరిగాడు. పుట్టమ్మ అతని మోచెయ్యి పట్టుకుని ముందుకు తిప్పింది.

గుట్ట కింద మాట కొంచెం ఆలస్యంగా వస్తోంది, నడిచి వచ్చినట్టు. శంతనుడు నది ఒడ్డున నడుస్తున్నాడు. ఎక్కడి నుంచో ఒక సువాసన వస్తోంది. అది ఎక్కడిదో వెతుక్కుంటూ పోతున్నాడు. గులాబీ తోటలో కత్తెరలు మెల్లగా ఆడుతున్నాయి.

మారియప్ప ఒక రాతి మీద కూర్చున్నాడు. వెనక్కు కట్టుకున్న చేతులు విడిపోయి ఒడిలోకి వచ్చాయి. ముఖం పైకెత్తాడు.

పుట్టమ్మ కొంతసేపు చూసింది. “ఏమయ్యా,” అంది, “ఆ బూర ఇంకొంచెం దించాల్నా?”

అతను చెయ్యి ఊపాడు.

“సుమ్నె ఊరుకోవే. పడవ అమ్మాయి కనబడింది ఆయనకు.”